మిరపకాయల లక్ష్మి

పర్చూరుకు దగ్గరలో ఉన్న మా అత్తగారి ఊళ్ళో తెల్లదొరల కాలం నాటి పత్తి గిడ్డంగి ఒకటుండేది. ఎర్ర ఇటుకల గోడలు, ముందు మోకాలెత్తు అరుగు. దొరలు పోయాక ఆ గోడలు పిడకల పాలయ్యాయి. నేను కాపురానికొచ్చిన కొత్తలో, అంటే యాభైల చివర్లో, పంచాయతీవారు దాన్ని గ్రంథాలయం చేద్దామనుకున్నారు. వీధి వైపు గోడ మీద ఊరంతా కలిసి పెద్ద బొమ్మ వెయ్యాలని కూడా తీర్మానించారు.

ముగ్గులు బాగా పెడతానని గీసే పని నామీద పడేశారు. మా అత్తగారు మూతి ముడుచుకున్నారు.

"కోడలు నిచ్చెనెక్కితే ఇల్లెవరు ఊడుస్తారూ?"

ఊరంతా కలవడమంటే తెలిసిందేగా. రంగు ఇచ్చిన ప్రతివాడికీ బొమ్మలో వాటా కావాలి. ఎర్రటి జాజు ఇచ్చినాయన తన ఎడ్లజతను వెయ్యమన్నాడు. నీలిమందు ఇచ్చినాయన తన రేడియో వెయ్యమన్నాడు. చివరికి మధ్యలో లక్ష్మీదేవిని నిలబెట్టి, తామరపూల బదులు ఒక చేతికి పత్తికాయలు, ఇంకో చేతికి పండుమిరపకాయలు ఇచ్చాను. ఒక పక్క ఎడ్లు, ఒక పక్క రేడియో. ఎడ్లు వార్తలు వింటున్నట్టే కుదిరాయి.

"లక్ష్మి చేతిలో మిరపకాయలేంటే? మనకి దిష్టి తియ్యడానికొచ్చిందా?" అన్నారు అత్తగారు.

రంగు గోడకు పట్టాలని గంజి, బెల్లం నీళ్ళు కలిపాను. మా పుట్టింటి వీధిలో మేకల్లేవు, ఈ వీధి నిండా మేకలేనన్న ముక్క నా బుర్రకు తట్టలేదు. తెల్లారేసరికి మంద అరుగెక్కి అమ్మవారి పాదాలు శుభ్రంగా నాకేసింది. ఎడ్లకు గిట్టలు కూడా మిగల్లేదు.

పంచాయతీ ప్రెసిడెంటుగారు చూసి మండిపడ్డారు.

"ప్రారంభానికి పెద్దలొస్తున్నారమ్మా! వాళ్ళకి పాదాల్లేని దేవతను చూపించమంటావా? ఇంకొక్కసారి మేకలు నాకాయంటే గోడంతా సున్నం కొట్టించేస్తా."

ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాను. అప్పటికే ఆ బొమ్మంటే నాకు ప్రాణమైపోయింది. విచిత్రంగా అత్తగారు దెప్పలేదు. రోలు దగ్గర కూర్చుని ఎండుమిరపకాయలు దంచారు. ప్రారంభం నాటి పొద్దున నాతో గోడ దగ్గరికొచ్చి, జాజు ముంతలో ఆ కారం తానే పోసి తానే కలిపారు.

"పాదాలకి ఇది పుయ్యి. ఏ మేక వస్తుందో చూద్దాం."

వచ్చింది. ముందు నడిచే పోతు ఒక్క నాకు నాకి, నిటారుగా ఎగిరి, తుమ్ముకుంటూ ఊరవతలకు పరుగెత్తింది. మిగతావి ఎందుకని అడక్కుండా దాని వెంట పోయాయి.

సాయంత్రం ఊరంతా చేరింది. తెర తీశారో లేదో, ఎవరూ పిలవకుండానే మా అత్తగారు ముందుకెళ్ళారు. అమ్మవారిని తేరిపార చూశారు. వంగి, బెల్లం జిగటకు ఇంకా ఆరని ఆ పాదాలు తాకి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు.

ధారలు కట్టాయి కన్నీళ్ళు. "కోడలి బొమ్మ చూసి అత్తగారు ఏడుస్తోందర్రా!" అని గుంపులో ఎవరో కేకేశారు. ఇంకేముంది, ఆడవాళ్ళంతా వరసకట్టి తాకారు, కళ్ళకద్దుకున్నారు. "వద్దండీ, వద్దండీ" అని నేను మొత్తుకుంటుంటే వినేదెవరు? ప్రెసిడెంటుగారూ తాకారు. కళ్ళ చుట్టూ జాజుతో, ముక్కు చీదుతూ ఉపన్యాసం చదివారు. ఇంత భక్తిగల ఊరిని తానెక్కడా చూడలేదని వచ్చిన పెద్దమనిషి మెచ్చుకున్నాడు. ఇక సున్నం ఊసెవరెత్తుతారు?

ఇంటికొచ్చాక అత్తగారు కళ్ళు మూసుకుని మంచం మీద కూలబడ్డారు.

"ఆ కారం కలిపింది మీరే కదా అత్తయ్యా, ఎలా మరిచిపోయారు?" అన్నాను.

"ఎదురుగా అమ్మవారు నిలబడి ఉంటే కారం ఎవరికి గుర్తుంటుందే? చూస్తావేం, వెన్న పట్రా!"

వెన్న కోసం వంటింట్లోకి వెళ్ళి, ఉట్టి కింద నిలబడి ఏడ్చాను. నాకు కారం అవసరం లేకపోయింది.