ఆరొందల ముప్పై, ఒకటోసారి

ఆ ఆదివారం తెల్లవారుతూనే మా అమ్మకీ నాకూ పెద్ద రభస. కారణం కోడిపుంజు. నాకు డిగ్రీలో సీటొస్తే దాన్ని కోతల పండుగకి దేవుడికిస్తానని అమ్మ మొక్కుకుంది. సీటొచ్చింది, చేరాను, పండుగా వచ్చింది. ఈలోగా కాలేజీ వాళ్లు నెత్తిన బండ వేశారు. సర్కారు నుంచి రావలసిన ఫీజు ఇంకా రాలేదు, ముందు మీరు పన్నెండు వేలు కట్టండి, అది వచ్చాక మీకు తిరిగిస్తాం అన్నారు. సోమవారం సాయంత్రంలోగా కట్టకపోతే మొదటి సెమిస్టర్ హాల్ టికెట్ ఇవ్వరట.

హాల్ టికెట్ లేకపోతే నేనేమవుతానో మా ఇంట్లో అప్పటికే తేలిపోయింది. నరసరావుపేటలో ఒక బట్టల షాపులో అమ్మాయిలు కావాలంటే అమ్మ మాట ఇచ్చి వచ్చింది. "చీరలు మడత పెట్టడం నీకు వచ్చులే" అంది. వచ్చు, చక్కగా వచ్చు. నా భయమల్లా అదే. నాయన పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీలో పని చేస్తాడు. అడగాల్సిన వాళ్లందరినీ అడిగాడు, ఇక అడగడానికి మనుషులు మిగల్లేదు.

"ఏమే, దేవుడికిస్తానన్న కోడిని అమ్ముకుని తింటామా?" అంది అమ్మ.

"తినడానికి కాదే తల్లీ, ఫీజుకి!"

"దాన్ని అమ్మితే పన్నెండు వేలొస్తయ్యా?"

రావు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసిన మాట ఆమె నోట వచ్చినందుకు ఇంకా ఒళ్లు మండింది. చేతిలో ఉన్న గిన్నె విసిరేశాను. ఖాళీ గిన్నే అయినా చప్పుడు మాత్రం బాగా వచ్చింది. అమ్మ దాన్ని తీసి కడిగి బోర్లించి, పుంజుని చంకన పెట్టుకుని గుడికి బయల్దేరింది.

మా గుడి అంటే చర్చే. మా పేటలో అందరూ గుడి అనే అంటారు. అక్కడ పాటలు నేనే ఎత్తుకుంటాను. నాకు మంచి గొంతుంది, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. ముందు రోజు పాటల ప్రాక్టీసప్పుడు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నన్ను పక్కకి పిలిచి, "రేపు సంఘంలో నీ ఫీజు సంగతి చెప్తానమ్మా, తలా ఇంత వేస్తారు" అన్నారు. నాకు చెవుల దాకా వేడెక్కింది. వారం వారం నా పాట వినేవాళ్లు రేపటి నుంచి నన్ను చూసి అయ్యో పాపం అనాలా? "మీరు ఆ మాటెత్తితే నేను పాడను అయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వి, "సరేలే తల్లీ" అన్నారు.

కోతల పండుగ నాడు మా వాళ్లు పొలంలో పండినవీ పెరట్లో కాసినవీ గుడికి తెస్తారు. బియ్యం, పత్తి, సొరకాయలు, గుడ్లు, ఎవరికి కలిగింది వాళ్లు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం పాట. పాడుకున్నవాళ్లు డబ్బు కడతారు, ఆ డబ్బు గుడికి. ఆ ఏడు గుడి చుట్టూ ప్రహరీ కట్టాలని మా సంఘ పెద్ద పట్టుపట్టి ఉన్నాడు. వేలం వేసేది కూడా ఆయనే. మైకు చేతికొస్తే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ప్రహరీ అంటే ఒంటికాలి మీద లేచే మనిషి మా పెద్దనాయన. నాయనకి స్వయానా అన్న. ఆయన కిరాణా కొట్టు గుడి వెనకే ఉంది. సగం ఊరు గుడి ఆవరణలోంచి అడ్డంపడి ఆ కొట్టుకి వెళ్తుంది. గోడ కడితే ఆ దారి మూసుకుపోతుంది. డబ్బు దగ్గర మహా గట్టి మనిషి. నాయన ఫీజుకని అడిగితే, "చూద్దాం రా" అన్నాడు. ఆయన చూద్దామంటే చూడడని మా అందరికీ తెలుసు. ఆ రోజు అయ్యగారు వాక్యం చెప్పడం మొదలెట్టగానే గోడకి జారబడి నిద్రపోయాడు. అదీ ఆయనకి అలవాటే.

వేలంలో మా పుంజు వంతు వచ్చింది. కిటికీ ఊచకి కట్టేసి ఉన్నది కాస్తా మైకు చూసి కూసింది. అందరూ నవ్వారు. "పల్నాడులో కోడి దగ్గర జాగర్తగా ఉండండయ్యా, ఎనకటికి యుద్ధమే జరిగింది!" అని సంఘ పెద్ద వేలం మొదలెట్టాడు. రెండొందలు, మూడొందలు, అలా అలా ఆరొందల దగ్గర ఆగింది. సంఘ పెద్ద గొంతు చించుకుంటున్నాడు.

"ఆరొందలు! ఇంకెవరన్నా పాడతారా? ఏందమ్మా, పాడేవాళ్లే లేరా ఈ సంఘంలో? పాడండయ్యా!"

ఆ కేకకి పెద్దనాయనకి మెలకువ వచ్చింది. పాడండి అన్న మాట ఒక్కటే చెవిన పడినట్టుంది. పాట నెంబరు అడుగుతున్నారనుకున్నాడు. ఆయనకి మా కీర్తనల పుస్తకంలో నచ్చిన పాట ఒక్కటే, సమాధుల దగ్గర పాడేది. పెళ్లిలో అడిగినా అదే చెప్తాడు. కళ్లు తెరవకుండానే గట్టిగా అరిచాడు.

"ఆరొందల ముప్పై!"

గుడంతా ఆయన వైపు తిరిగింది. ఆయన అడిగింది పాటేనని పిల్లలతో సహా అందరికీ తెలుసు. సంఘ పెద్దకి మరీ బాగా తెలుసు. అయినా ఆ మనిషి వదులుతాడా?

"ఆరొందల ముప్పై, ఒకటోసారి! ఆరొందల ముప్పై, రెండోసారి! మూడోసారి! పుంజు అన్నగారిది!"

"ఏందయ్యా నాది? నేను పాట నెంబరు చెప్పా!"

"పాటే గదన్నా, వేలం పాట!"

ఇక నవ్వు చూడాలి. ఆడవాళ్ల వైపు ఒకామె నవ్వలేక పక్కామె మీద వాలిపోయింది. అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పొద్దుటి నుంచి మొహం గంటు పెట్టుకుని ఉన్న నేను కూడా పకపకా నవ్వేశాను. పెద్దనాయన మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి జేబులోంచి డబ్బు తీశాడు. సంఘం ముందర వెనక్కి పోయే మనిషి కాదు, ఖాళీ చేతులతో పోయే మనిషి అసలే కాదు.

"కోడి ఆరొందలకి ఆగింది. పైన ముప్పై నేను పాట కోసం పెట్టా. డబ్బు తీసుకుని సరుకియ్యరా? ఆరొందల ముప్పై పాడించండి."

వ్యాపారస్తుడి మాట అది, ఎవరూ కాదనలేకపోయారు. డోలక్ వాడు నా వంక చూశాడు. నేను ఆ సమాధుల పాట ఎత్తుకున్నాను. నవ్వుతూ ఎత్తుకుంటే అది కాస్తా హుషారు పాటైపోయింది. కంజర కలిసింది, చప్పట్లు కలిశాయి. చచ్చినవాళ్లు వింటే లేచొచ్చేవాళ్లు.

పాట అయ్యీ అవగానే ఆడవాళ్ల వైపు నుంచి ఒకత్త కొంగుముడి విప్పుతూ లేచింది. "నాకు నూటెనభై పాడమ్మా, ఇదిగో నూటెనభై!"

అంతే, ఇక వేలం వేలంలా లేదు. పాట నెంబరెంతో ధర అంత. నెంబరు చెప్పడం, డబ్బు పళ్లెంలో వేయడం, నేను పల్లవీ ఒక చరణం పాడడం. పిల్లలు రూపాయి బిళ్లలు పట్టుకుని "ఒకటి! ఒకటి!" అని ఎగబడ్డారు. మొదటి పాట ఎన్నిసార్లు పాడానో దేవుడికే తెలియాలి. హైదరాబాదులో వాచ్‌మన్‌గా ఉన్న ఒక బాబాయి వీడియో కాల్‌లో "మూడొందల..." అనేసరికి సిగ్నల్ పోయింది. మూడొందల ఎంతని గుడంతా ఊపిరి బిగబట్టింది. మళ్లీ మొహం కనబడగానే "రెండు!" అన్నాడు. మూడొందల రెండు ఫోన్లోనే కొట్టాడు. ఒక ముసలమ్మకి నెంబర్లు తెలియవు, పాట మొదటి మాట చెప్పింది. పుస్తకం తిరగేసి చూస్తే అయిదొందల పన్నెండు.

"అమ్మో, అంత ఖరీదైన పాటా! చిన్నది చూడండమ్మా" అంది ముసలమ్మ.

పదకొండు చూశాం. పదకొండూ బాగుందని తల ఊపుతూ విన్నది.

నాకు ఫీజు గుర్తు లేదు, సోమవారం గుర్తు లేదు, చీరలూ గుర్తు లేవు. గొంతు బొంగురు పోతున్నా తెలియలేదు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ పాడలేదు. అన్నం వండిన డేగిసాలు బయట చల్లారిపోతున్నాయని ఎవరో కేకేస్తే గానీ జనం ఆగలేదు.

సంఘ పెద్ద పళ్లెం రెండు చేతులా పైకెత్తి, "ఇంకేముంది, ప్రహరీకి ముందు వైపు గోడ లేచినట్టే!" అన్నాడు.

పెద్దనాయన మళ్లీ లేచాడు. చంకలో పుంజు.

"కోడి డబ్బు నువ్వు తీసుకో. పాటల డబ్బు నీకెందుకయ్యా? పాడింది నువ్వా? పొద్దుటి నుంచి గొంతు చించుకుంది మా పిల్ల. పని ఒకరిది, కూలి ఇంకొకరిదా? రేపటికి దాని ఫీజు కట్టాలి, తెలవదా ఎవరికన్నా?"

ఆయనకి నా మీద ప్రేమో, కొట్టు దారి మీద ప్రేమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు. అడిగితే "చూద్దాం రా" అంటాడు.

అమ్మ భయపడిపోయింది. "వద్దు బావగారూ, దేవుడికిచ్చింది మళ్లీ మా ఇంటికొస్తే ఎట్టా?" అంది.

అయ్యగారు ముందుకొచ్చి, "నువ్విచ్చింది కోడినమ్మా. కోడి దేవుడిది, దాని డబ్బూ దేవుడిదే. పాటలు నీ కూతురివి. సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి" అన్నారు. ఆడవాళ్ల వైపు చేతులన్నీ లేచాయి. సంఘ పెద్ద పళ్లెం వంకా, చేతుల వంకా చూసి, ఆఖరికి ఆయన కూడా చెయ్యెత్తాడు.

ఇక్కడ నా రోషం పొడుచుకొచ్చింది. నాకెవరి డబ్బూ వద్దని చెబుదామని నోరు తెరిచాను. కీచుమని గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ గాలే. "సరే అంటంది, సరే అంటంది" అని అందరూ చప్పట్లు కొట్టారు. కాదని చేతులూపితే దండం పెడుతున్నాననుకున్నారు. ఓ పక్క ఉడుక్కుంటూ ఓ పక్క నవ్వుకుంటూ కూలబడిపోయాను. పక్కన కూర్చున్న పిల్ల నా చెవిలో, "పాడినందుకేగా, తీసుకోవే" అంది. నిజమే కదా అనిపించింది. తగ్గిన కొద్ది డబ్బూ సంఘ పెద్దే జేబులోంచి వేసి, "ఈసారికి ప్రహరీ నీకిచ్చా ఫో" అన్నాడు.

సోమవారం అమ్మ నాతో కాలేజీకి వచ్చింది. ఎప్పుడూ గేటు దగ్గరే ఆగిపోయే మనిషి. నేను ఫీజు కౌంటర్లో సంచి పెట్టగానే గుమాస్తా పది రూపాయల నోట్లూ రూపాయి బిళ్లలూ చూసి, "ఏందమ్మా, కొట్టు మూసేసి వచ్చారా?" అన్నాడు. పేరడిగాడు. నా గొంతు ఇంకా రాలేదు. ఏ గ్రూపని అడిగాడు. గాలే వచ్చింది.

"పిల్లకి మాటలు రావా?" అన్నాడు, అమ్మ వైపు చూసి.

గోడ పక్కన నిలబడ్డ అమ్మ కొంగు సర్దుకుని, క్యూలో అందరినీ తప్పుకోమని ముందుకొచ్చింది.

"ఎందుకు రావయ్యా, దాని నోటితో మేం వేగలేకపోతన్నాం. నిన్న ఫీజు కోసం పాడి పాడి గొంతు పోయింది. ఏం కావాల్నో నన్నడుగు, నేను చెప్తా."

నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది, క్యూ చివరిదాకా వినబడేటట్టు. ఆ వెంటనే "డిగ్రీ, ఫస్టియర్" అంది. ఆ మాట అమ్మ నోట వినడం నాకదే మొదలు. నేనామె భుజం పట్టుకుని నిలబడ్డాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో పక్కవాళ్లెవరికీ తెలియలేదు, రెండింటికీ గొంతు లేదు.