బక్కమ్మకు పెట్టిన లోలాకు

నబోర్ తినాహెరో పిరికివాడు. ఆ మాట అతనే ఒప్పుకునేవాడు, కాకపోతే మనుషుల ముందు కాదు, బక్కమ్మ ముందు మాత్రమే. బక్కమ్మ అంటే అతని కాంబీ వ్యాన్లో స్టీరింగు పక్కన, అద్దం కింద అంటించి ఉన్న జానెడు బొమ్మ. తెల్ల గౌను, చేతిలో కొడవలి, గౌను పైన ముఖం ఉండాల్సిన చోట నవ్వుతున్న పుర్రె. గుడిలో ఫాదరు ఆమె పేరెత్తితే మండిపడతాడు. పవిత్ర మరణమాత అని పెద్ద పేరు ఉన్నా మా ఎకతెపెక్ కొండ మీద ఆవిణ్ణి ఎవరూ అలా పిలవరు. బక్కమ్మ అనో, తెల్లపిల్ల అనో ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలుస్తారు.

లోమా బొనీతా నుంచి కింద మెట్రో స్టేషన్ దాకా పద్దెనిమిదేళ్లుగా అదే దారి, అదే పద్నాలుగు సీట్ల బండి. ఆ దారిలో దోపిడీ జరగని వారం ఉండదు. ఇద్దరెక్కుతారు, ఒకడి చేతిలో పిస్తోలు, ఇంకొకడి చేతిలో సంచి. రెండు స్టాపుల్లో పని ముగించి దిగిపోతారు. ఇవ్వాల్సింది ఇచ్చేసి బతికి బయటపడడం అక్కడ అందరికీ అలవాటే. కానీ రెండేళ్ల కిందట నబోర్ తోటి డ్రైవరు ఫెర్మీన్‌ను, బండి ఆపడం క్షణం ఆలస్యం చేశాడని, మెడలో కాల్చి చంపారు. ఆ బండి సీట్లు కడిగినవాళ్లలో నబోర్ ఒకడు. నాలుగు బకెట్ల నీళ్లు పోసినా నురగ ఎర్రగానే వచ్చింది. ఆ తరవాత వారం రోజులు అతనికి ముద్ద దిగలేదు.

అప్పుడే సందు మొగలో, పెద్దావిడని అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే సొకొర్రో గూటి దగ్గరికి వెళ్లాడు. ఆమె జున్ను పెట్టి మడిచిన రొట్టెలు, కెసదియాలు, వేయించి అమ్ముకుంటుంది, పక్కనే గాజు గూట్లో నిలువెత్తు బక్కమ్మను పెట్టుకుంది. ఆమే అతని చేతిలో చిన్న బొమ్మ పెట్టి, "తీసుకెళ్లరా. నీళ్లు మార్చు, నిజం చెప్పు, అంతే" అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. మిగతా నియమాలన్నీ నబోర్ బండ్ల స్టాండులో పోగేసుకున్నాడు. సోమవారం యాపిలు పెట్టాలి. పొద్దున్నే సిగరెట్టు ముట్టించి ఒక దమ్ము లాగి పొగ ఆవిడ ముఖాన వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడకు ఒకసారి పెట్టింది తిరిగి తీయకూడదు. తీస్తే దానికి బదులు ఇంట్లో మనిషిని తీసుకుపోతుందని తోటి డ్రైవర్లు కళ్లు పెద్దవి చేసి చెప్పారు. నబోర్‌కు తొమ్మిదేళ్ల కూతురుంది. ఆ మాట అతని ఎముకల్లోకి ఇంకిపోయింది.

రోజూ పొగ వదిలి దండం పెట్టుకునేవాడు. "తల్లీ, నన్ను క్షేమంగా ఇంటికి చేర్చు. నన్నెవరూ ముట్టుకోకుండా చూడు." చెప్పుకోగానే గుండె దడ తగ్గేది. రెండేళ్లూ అలాగే గడిచాయి.

ఫిబ్రవరిలో ఒక గురువారం, పొద్దున ఏడున్నర. దోన్యా మకారియా ఎక్కింది. డెబ్భై దాటిన మనిషి, పదకొండేళ్లుగా నబోర్ బండి తప్ప ఎక్కదు. ఎప్పుడూ డ్రైవరు వెనక సీటే. ఎక్కుతూ బండంతటికీ శుభోదయం చెబుతుంది, దిగుతూ నబోర్‌కు మాత్రం విడిగా "దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా" అంటుంది. ఆ రోజు నల్ల శాలువా తల మీదుగా కప్పుకుంది.

"ఏంటి దోన్యా, ఎవరికీ కనపడకుండా పోతున్నారు? ఎవరితోనైనా లేచిపోతున్నారా?" అన్నాడు నబోర్.

"నోర్ముయ్యరా వెధవా! మా ఆయన సంవత్సరీకం పూజ. మా అమ్మ లోలాకులు పెట్టుకున్నాను. ఆయనకు అవంటే ఇష్టం. కనపడితే ఊరుకుంటారా ఈ దారిలో?"

బండంతా నవ్వింది. వంతెన దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఎక్కి మర్యాదగా శుభోదయం చెప్పారు. తలుపు మూసుకోగానే ఆకుపచ్చ టోపీవాడు నబోర్ మెడ మీద పిస్తోలు ఆనించాడు.

"ఆపకు. మెల్లగా పోనియ్. అద్దంలో చూశావో, చచ్చావే."

నబోర్ మెల్లగా పోనిచ్చాడు. వెనక సంచి తిరిగింది. ఫోన్లు, పర్సులు, ఒకావిడ మధ్యాహ్నం తిండి డబ్బా కూడా. ఎవరో ఏడుస్తున్నారు. రెండోవాడు మకారియా శాలువా లాగాడు. "అబ్బో, ముసలమ్మ పెళ్లికూతురే!" అని చెవి మీద చెయ్యి వేశాడు.

"చెవులు తెగుతాయిరా, నేనే తీసిస్తాను" అంది ఆమె. ఒక్కొక్కటే తీసి ఇచ్చింది.

అప్పుడు టోపీవాడు నబోర్ జేబు తడమబోయి ఆగిపోయాడు. బక్కమ్మను చూశాడు. వేళ్లు ముద్దుపెట్టుకుని ఆవిడ పాదాలకు తాకించాడు.

"ఒరేయ్, మనోడేరా! ఈ అన్నను ముట్టుకోకు. అమ్మ బిడ్డ." సంచిలో చెయ్యి పెట్టి దొరికింది తీశాడు. అది మకారియా లోలాకు. "ఇదిగో తల్లీ, నీ వాటా" అని బొమ్మ పాదాల దగ్గర పెట్టి, నబోర్ భుజం తట్టాడు. "జాగ్రత్తగా వెళ్లన్నా. అమ్మ తోడుంటుంది."

మలుపులో దిగి పోయారు.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. నబోర్‌కు ముందుగా కలిగింది సంతోషం. కడుపు నిండా సంతోషం. "బతికించావు తల్లీ!" అని పైకే అన్నాడు. ఆ మాట బండిలో అందరికీ వినపడింది. అద్దంలోకి చూశాక గానీ తెలియలేదు, పదముగ్గురు తననే చూస్తున్నారని.

"బాగా ఎరిగినవాళ్లేనా అన్నా?" అంది తిండి డబ్బా పోయినావిడ. "వాటాలు ఎన్నాళ్లకోసారి పంచుకుంటారు?"

"నాకు తెలీదమ్మా, నా బిడ్డ మీద ఒట్టు!"

"మరి నీ ఫోను నీ జేబులోనే ఉందే!"

అతను నోరు తెరిచేలోపు వెనకనుంచి ఒక ముడతల చెయ్యి ముందుకు వచ్చింది. మకారియా చెయ్యి.

"దాన్ని ఇలా ఇయ్యి నబోరూ. ఒక్కటైనా దక్కింది. మా అమ్మది నాయనా."

ఇవ్వాలి కదా. మూడేళ్ల పిల్లాడికైనా తెలుసు ఇవ్వాలని. నబోర్ చెయ్యి బొమ్మ వైపు వెళ్లింది కూడా. వెళ్లి, లోలాకు మీద మూతలా పడింది.

"అమ్మకు పెట్టేశారు దోన్యా. ఆవిడకు పెట్టింది తీయకూడదు."

"ఎవరు పెట్టారు? నేను పెట్టానా?"

"ఎవరు పెట్టినా... నాకూ ఒక పిల్ల ఉంది దోన్యా. తీస్తే ఊరుకోదు ఆవిడ."

ఆమె తిట్టినా బాగుండేది. మకారియా చేతిని కాసేపు అలాగే ఉంచింది, తరవాత వెనక్కి తీసుకుని శాలువాలో పెట్టుకుంది. మెట్రో దగ్గర అందరూ దిగారు. ఆమె కూడా దిగింది. దేవుడు చల్లగా చూడాలన్న మాట ఆ రోజు రాలేదు.

మర్నాడు ఆమె స్టాపులోనే నిలబడి ఉంది. నబోర్ బండి ఆపాడు. ఆమె ఎక్కలేదు, తిట్టలేదు, అతని వెనక ఏ బండి వస్తోందా అని అటు చూసింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు నబోర్‌కు ఆ స్టాపులో బండి ఆపడానికి కాలు ఆడలేదు. తల వంచుకుని దాటిపోయాడు. అక్కడ చెయ్యెత్తిన మరో ఇద్దరు అతని తల్లినీ తండ్రినీ తలుచుకుని తిట్టారు.

స్టాండులో మాత్రం పండగే. "అదిగో, అమ్మ బిడ్డ వచ్చాడ్రోయ్! కాస్త మాకూ సిఫార్సు చెయ్యరాదా బాబూ, దొంగలు మా భుజమూ తడతారు!" నబోర్ కూడా నవ్వినట్టు మొహం పెట్టేవాడు. ఇంట్లో కూతురు వచ్చి ఒళ్లో కూర్చుంటే ఒళ్లు ముడుచుకుపోయేది. ఈ పిల్ల పేరు చెప్పుకుని కదా ఆ పని చేశాను అనుకునేవాడు. పొద్దున్నే సిగరెట్టు ముట్టించేవాడు గానీ పొగ ఆవిడ ముఖాన వదలలేకపోయేవాడు. లోలాకు మీద జేబురుమాలు కప్పాడు. రుమాలు కింద అది ఉందని తెలుస్తూనే ఉండేది. సిగ్గు అంత పాడుది, దాన్ని కప్పుకున్నవాడికే బాగా కనపడుతుంది.

ఎనిమిదో రోజు దోన్యా సొకొర్రో పొయ్యి దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఆమె పెనం మీద కెసదియా తిప్పుతూ విన్నది.

"అయితే ఏమంటావు?"

"తీయొచ్చా, తీయకూడదా?"

"ఒరేయ్ నబోరూ, ఎంతటివాళ్లమైనా చివరికి ఆవిడ చేతిలోకే పోతాం. అంతటి మనిషికి ముసల్దాని చెవిదొకటి కావాలట్రా? అదీ దొంగసొత్తు! ఆవిడేం అడగలేదు. భయం నీది, పేరు ఆవిడదీనా?"

"తీయకూడదని అందరూ అన్నారు..."

"వాళ్లెవరో అన్నారు. నేనన్నానా? నీళ్లు మార్చు, నిజం చెప్పు అన్నాను. ఇంతకీ రోజూ ఏమని దండం పెట్టుకుంటావేంటి?"

"నన్నెవరూ ముట్టుకోకుండా చూడమని."

"ముట్టుకోలేదుగా!" అంది సొకొర్రో. "బండిలో పద్నాలుగు మందిని కూర్చోబెట్టుకుని ఒక్కడికి అడిగావు. ఒక్కడికే ఇచ్చింది. ఆవిణ్ణేమీ అనకు. పో, దారికి అడ్డం నిలబడకు, జనం ఆకలి మీదున్నారు."

ఆ ఆదివారం మధ్యాహ్నం నబోర్ ఉతికిన చొక్కా వేసుకుని, లోలాకు కాగితంలో చుట్టుకుని, మకారియా ఇంటికి వెళ్లాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు. తప్పయిపోయింది దోన్యా, పిరికిముండాకొడుకుని, కొట్టండి, తిట్టండి. ఆ మాటలన్నీ నోటికొచ్చేశాయి.

తలుపు తీసింది ఆమె కాదు, కూతురు ఒబ్దూలియా. లోపల అల్లుడు ఇలారియో, పిల్లలు, అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. మకారియా బల్ల చివర కూర్చుని ఉంది. నబోర్ కాగితం విప్పేసరికి ఒబ్దూలియా కెవ్వుమంది.

"అమ్మా! అమ్మమ్మ లోలాకు! ఎక్కడ దొరికిందండీ?"

"బండిలో..."

"సీటు కింద పడిందా? వెధవలు కంగారులో పడేసి ఉంటారు! సీటు కిందేనా?"

ఇదే సమయం. వల్లె వేసుకున్నదంతా గొంతు దాకా వచ్చింది. బల్ల చుట్టూ ఉన్న ముఖాలన్నీ వెలుగుతున్నాయి.

"ఊఁ" అన్నాడు నబోర్.

మకారియా కళ్లెత్తి ఒకసారి చూసింది. మళ్లీ పళ్లెంలోకి చూసుకుంది.

ఇలారియో లేచి అతన్ని కావలించుకున్నాడు. "ఇంకొకడైతే అమ్ముకుని తాగేవాడు! బజార్లో మీ గురించి కూడా ఏదేదో అన్నారండీ, దొంగలతో కలిసిపోయాడని. నేనూ నమ్మేవాణ్ణే. మా అత్తయ్య ఆ మాట ఇంట్లో అననివ్వలేదు. ఆ అబ్బాయి సంగతి మీకు తెలీదు, నోరు ముయ్యండి అంది. కూర్చోండి, కూర్చోండి!"

కూర్చోబెట్టారు. ఎండుమిరపకాయలతో చేసిన మోలె కూరా అన్నమూ పెట్టారు, కోడి తొడ అతని పళ్లెంలోనే వేశారు. పిల్లలు అతన్ని కథలో వీరుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. దొంగలు ఎలా ఉన్నారు, పిస్తోలు ఎంతుంది, భయం వేయలేదా అని అడుగుతున్నారు. నబోర్ చెమటలు కక్కుతున్నాడు.

"అసలు జరిగిందేంటంటే..." అని మొదలుపెట్టాడు.

"తిననివ్వండర్రా ఆ మనిషిని" అంది మకారియా. "తిను నబోరూ."

తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందేమోనని ఒబ్దూలియా నీళ్లు తెచ్చిచ్చింది.

లేచాక మకారియా గుమ్మం దాకా వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, వీధిలో అతనితో పాటు నాలుగడుగులు వేసింది. ఒక్క చెవికే లోలాకు పెట్టుకుని ఉంది.

"దోన్యా, నన్ను కాపాడారు. వాళ్లకు చెప్పకుండా..." అన్నాడు నబోర్. "నా కోసం ఇంత..."

"నీ కోసం ఎవరు చేశారు?"

ఆమె కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది.

"పదకొండేళ్లుగా ఇంటిల్లిపాదికీ గొప్పలు చెప్పాను. నబోరు బండి ఉండగా నాకేం భయమే, నా కొడుకులాంటివాడు అని. నా కూతురు వద్దంటున్నా ఆ లోలాకులు పెట్టుకుని బయల్దేరింది ఆ ధైర్యంతోనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు వాళ్లకి? సిగ్గేసింది నబోరూ. నీ గురించి కాదు, నా గురించే. అందుకని చెప్పలేదు."

"దోన్యా..."

"రేపటి నుంచి ఆ స్టాపులో బండి ఆపు. జనం ఎండలో నిలబడుతున్నారు. నేనెక్కను గానీ, ఆపు."

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కిటికీలోంచి ఒబ్దూలియా గొంతు వీధిలోకి వినపడుతోంది. "ఈ రోజుల్లో అంత మంచివాళ్లు ఎక్కడున్నారే అమ్మా!" అంటోంది. మకారియా దానికేం చెబుతుందో వినే ధైర్యం అతనికి లేదు. గబగబా కొండ దిగిపోయాడు.