మూత తీసే మత్తయ్య

ఉపదేశి మత్తయ్యకు ఒక్కటే రోగం. ఏ ఇంటికి ప్రార్థనకు పోయినా బైబిలు తెరవకముందే పొయ్యి మీది కుండ మూత తెరిచేవాడు.

పోలీసు యాక్షన్ అయిన నాలుగైదేళ్లకు తాండూరు పక్క పల్లెకు వచ్చాడాయన. "ఏం వండినవ్ చెల్లే?" అంటూ మూత ఎత్తడం, వాసన పీల్చడం, ఆ తర్వాతే దేవుడు. కుండలో పప్పు కుతకుతలాడుతుంటే ప్రార్థన ఆదాము నుంచి మొదలై రొట్టెలు కాలేదాకా సాగేది. కుండ ఖాళీ అయితే రెండు మాటలు, ఆమెన్, చెప్పులు.

"దేవునికి గాదు, కుండకు మొక్కుతడు," అనేది బీరమ్మ. ఆమెకు మొదటి రోజు నుంచీ ఆయన మీద అనుమానమే. ప్రార్థన గుడిలో జొన్నల గంపకు ఆమే కాపలా మరి. ప్రతి ఇల్లూ వంటకు ముందు పిడికెడు తీసిపెట్టి ఆదివారం ఆ గంపలో పోస్తుంది. గంప నిండితే అమ్మి గుడికి పెంకులు కప్పించాలి. ఎన్ని ఆదివారాలు పోసినా గంప నిండదు. వానకు గుడి మాత్రం నిండుతుంది.

విధవరాలైన బీరమ్మ ఇంట్లో ఇంకో వింత. మొన్నటి కరువులో ఆమె జొన్నల కుండ అడుగంటనే లేదు. "ఏలీయా ప్రవక్త కాలంల విధవరాలి పిండి తరగనట్టే నా కుండ గూడ ఎండలే. అంత దేవుని దయ," అని గుడిలో ప్రతి వారం సాక్ష్యం చెప్పేది. మత్తయ్య అందరికన్నా గట్టిగా "ఆమెన్" అనేవాడు. ఆ గట్టితనం మీద కూడా ఆమెకు అనుమానమే.

ఇంతలో వికారాబాదు నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నారని తెలిసింది. ఉపదేశిని ఉంచడం, తీసేయడం ఆయన చేతిలో పని. పట్టిస్తే ఇప్పుడే పట్టించాలనుకుని, శనివారం పొద్దున బీరమ్మ మత్తయ్య వెనకే నడిచింది.

ఎంకమ్మ ఇంట్లో మూత లేచింది. ఆమె మొగుడు నాపరాళ్ల గనిలో కాలు విరగ్గొట్టుకుని తాండూరు దవాఖానలో పడున్నాడు. రెండు మాటలు, ఆమెన్, చెప్పులు. మత్తయ్య నేరుగా గుడికి పోయి, గొంగడి కింద ఏదో దాచుకుని తిరిగొచ్చాడు. ఎంకమ్మ నీళ్లకు పోయేదాకా ఆగి, లోపలికి దూరి కుండలో జొన్నలు పోస్తుంటే బీరమ్మ రెక్క పట్టుకుంది.

"దొరికినవ్ దొంగ!"

"మెల్లగ అక్కా! ఎంకమ్మ ఇన్నదంటే సిగ్గుతోటి సస్తది. నోరు తెరిచి అడిగే మనిషి గాదు."

"అయితే నువ్వు మూత తీసేది గిందుకా?"

"అబద్ధమెందుకు? తీసేది నా కడుపు కోసమే. గీ తిండి యావ తియ్యమని దేవుణ్ణి మస్తు అడిగిన. తియ్యలే. మూత తీసినప్పుడల్లా ఖాళీ కుండ సూపిస్తడు. సూసినంక ఊకె ఉంటనా?"

"మరి గా పొట్టి ప్రార్థనలేంది?"

"ఆకలైనోళ్లను మోకాళ్ల మీద కూసోబెట్టి ఏం జెప్తమక్కా? జల్ది పోయి జల్ది తేవాలె."

బీరమ్మ పట్టిన రెక్క వదిలింది. కరువు రోజుల్లో తన ఇంట్లో ఆయన ప్రార్థనలు చాలా పొట్టిగా ఉండేవని అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం అయ్యగారు మత్తయ్యను వెంటబెట్టుకుని బీరమ్మ ఇంటికే భోజనానికి వచ్చారు.

"ఉపదేశి మీద ఏదో చెప్పాలన్నావటమ్మా?"

"అవునయ్యా. ఒట్టి తిండిపోతు. గుడి జొన్నలు ఎత్తుకపోయింది గూడ ఈయనే. ఎండిన కుండలల్ల పోసిండు. నా కుండల గూడ."

"మరి నువ్వు చెప్పిన సాక్ష్యం?"

"అది నిజమే అయ్యా. పోసింది దేవుడే. చెయ్యి మాత్రం గీ తిండిపోతుది."

అయ్యగారు చాలాసేపు నవ్వి, పెంకుల సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. అంతలో వంటింట్లో మూత చప్పుడైంది. అక్కడ కోడికూర ఇంకా ఉడుకుతోంది.

"మత్తయ్యా! ముందు ప్రార్థన జెయ్యి!" అని అరిచింది బీరమ్మ.

ఆ రోజు ఆయన ప్రార్థన ఆదాము నుంచి మొదలైంది.