జారే చేతికర్ర

అమెరికాలోని ట్రాయ్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాం, నేనూ మా అమ్మాయీ. ఎదురు బెంచీ మీద ఒక ముసలాయన ఉన్నాడు. చెయ్యి వణుకుతోంది. చేతికర్రను బెంచీ అంచుకు తగిలించబోతే జారి కింద పడింది. వంగి తీసి మళ్లీ తగిలించాడు. మళ్లీ పడింది. మూడోసారి, అది పడకముందే దానివైపు అనుమానంగా చూశాడు. అయినా పడింది. నాకు నవ్వు ఆగలేదు.

"అమ్మా, నవ్వకు. బాగుండదు," అంది అమ్మాయి.

ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగాడు. అమ్మాయి విని నాకు చెప్పింది.

"ఫ్రాన్స్‌లో సినిమాల్లో కామెడీ చేసేవారటమ్మా. అన్నీ జారిపడే వేషాలేనట, హీరో ఛాన్స్ ఒక్కటీ రాలేదట. స్ట్రోక్ వచ్చాక అందరూ అయ్యో అంటారే తప్ప ఎవరూ నవ్వట్లేదట. నువ్వు నిజంగానే నవ్వావా అని అడుగుతున్నారు."

"మొదటిసారి అయ్యో అనిపించింది. మూడోసారి నవ్వొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పు."

అమ్మాయి మొహమాటపడుతూనే చెప్పింది. ఆయన నవ్వకుండా తల ఊపి, ఏదో అన్నాడు.

"కర్రను మొదటిసారి జబ్బు పడేసిందట. తర్వాత రెండుసార్లూ ఆయనే పడేశారట."

ఇంతలో ఆయన రైలు వచ్చింది. కర్రను బెంచీ మీదే వదిలేసి, కండక్టర్ చెయ్యి పట్టుకొని నడిచాడు. కర్ర ఇవ్వడానికి లేచిన అమ్మాయిని, ఆయన కావాలనే వదిలాడనిపించి, నేను ఆపాను.

రైలు తలుపు దగ్గర ఆయన ఆగి, చేతిలో లేని కర్రను పక్కనున్న కడ్డీకి తగిలించాడు. పడుతుందేమోనని కాసేపు చూశాడు. అది పడకపోయేసరికి ఎంతో ఆశ్చర్యపోయాడు.

ఈసారి నవ్వింది మా అమ్మాయి. కండక్టర్ వచ్చి కర్ర తీసుకెళ్లేదాకా నవ్వుతూనే ఉంది.