వజ్రానికి అభిషేకం

ఆయుధపూజ నాడు నరసరావుపేటలోని ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో, రేడియేషన్ కొలిచే నీళ్లతొట్టి అంచుకు కొబ్బరికాయ కొట్టారు. కొట్టింది మేనేజరు పుల్లారావు. కాయ కుళ్లలేదు, నీళ్లన్నీ తొట్టిలోనే పడ్డాయి. చెక్కలు ముక్కలు చేసి పంచితే డాక్టర్లు కూడా కళ్లకద్దుకుని తిన్నారు.

ఆ తొట్టి ఝాన్సీలక్ష్మి అధీనంలోది. గురజాల అమ్మాయి, ఇక్కడ ఫిజిసిస్టు. కిరణాల మోతాదు సరిగ్గా ఉందని ఆమె చెబితేగాని రోగిని యంత్రం కింద పడుకోబెట్టరు. శుభ్రం దగ్గర ఆమెతో వేగడం కష్టం. క్యాంటీన్ గ్లాసు కడిగిస్తుంది, మళ్లీ తనే కడుగుతుంది, ఆపైన టీ వద్దంటుంది.

పండగకు ఊరెళ్లి తిరిగొచ్చి గది తలుపు తీసేసరికి, పులిసిన కంపు ముఖాన కొట్టింది. తొట్టిలో పసుపు కలిసిన జిడ్డు తెట్టు, దానిమీద ఈగలు, అడుగున ఉబ్బిన బంతిరేకులు. మధ్యలో కుంకుమబొట్టుతో ఆమె డిటెక్టరు! పెన్నులాంటి ఆ కడ్డీ కొసన, ల్యాబులో పెంచిన చిన్న వజ్రపు పొర ఉంటుంది. వజ్రమున్న చోట లక్ష్మి ఉంటుందని పుల్లారావు దాన్ని పెట్టెలోంచి తీసి మరీ అభిషేకం చేశాడు. పూజనీళ్లు తొక్కేచోట పోయకూడదు, చెట్టు మొదట్లో పోయాలి. ఆస్పత్రి చుట్టూ చెట్టన్నది లేదు, అన్నీ టైల్సే. అందుకని అలాగే వదిలేశాడు.

బయట మాచర్ల బైకు మెకానిక్కు షబ్బీర్ ఎదురుచూస్తున్నాడు. తలలో, కంటినరం పక్కనే శనగగింజంత గడ్డ. ఆరోజు దానికి సన్నటి కిరణం పెట్టాలి. అంత సన్నదాన్ని కొలవడానికి మామూలు పరికరాలు మరీ పెద్దవి, అందుకే ఈ వజ్రం. కొలత తప్పితే చూపు పోవచ్చు.

పుల్లారావు ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని, పోయినవారం కొలతతోనే కానిచ్చేయమన్నాడు. ఆమె తొట్టి కడగడానికి మనిషిని పిలిచింది. ఆయా వెంకటరమణమ్మ గుమ్మం దాటకుండానే ఓకరించింది.

“కక్కసులు కడిగినప్పుడు గూడా నాకిట్టా తిప్పలేదు తల్లే.”

ఝాన్సీలక్ష్మే గ్లవుజు తొడుక్కుని చెయ్యి పెట్టింది. తొట్టి లోతు, గ్లవుజు పొట్టి. జిగురునీళ్లు లోపలికి దిగి వేళ్ల సందుల్లో చేరాయి. పక్కకు తిరిగి వాంతి చేసుకుంది, మూతి కడుక్కుని మళ్లీ చెయ్యి పెట్టింది. నీళ్లు బాత్రూంలో పారబోసి, తొట్టి తోమి, మంచినీళ్లు నింపింది. డిటెక్టరు తుడిచి, ముందు వెడల్పాటి కిరణంలో ఇంకో పరికరంతో సరిచూసుకుంది, ఆ తర్వాతే సన్నటి కిరణం కొలిచింది. కొలత కుదిరింది.

మధ్యాహ్నం దాటాక షబ్బీర్‌ను లోపలికి తీసుకెళ్లారు. బయటికొచ్చి, తల కదలకుండా బిగించిన మాస్కు కింద ముక్కు దురదపెట్టిందని, అంతకుమించి ఏమీ తెలియలేదని భార్య జీనత్‌తో చెప్పాడు.

అప్పటిదాకా కాచుకున్న పుల్లారావు ఝాన్సీలక్ష్మి దగ్గరికొచ్చాడు.

“పూజనీళ్లు తీసుకెళ్లి కక్కసులో పోశారేంది మేడమ్, చానా అరిష్టం.”

“వచ్చే దసరాకు మీ అన్నం క్యారేజీలో కొట్టుకోండి కొబ్బరికాయ, పుల్లారావు గారూ.”