తోమి తీసుకుపోయిన పసుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లోంచి మురికిది ఏదీ గడప దాటేది కాదు. పక్కింటికి గిన్నెడు పప్పు పంపాలన్నా మా నాన్న తల్లి, మా బాపమ్మ, ఆ గిన్నెను బూడిద పెట్టి రెండుసార్లు తోమించేది. తోమేదాన్ని నేనే. పంతొమ్మిది వందల అరవైల నాటి మాట ఇది, నాకు పదకొండేళ్ళు. ఆ శుభ్రం పిచ్చి మా పసుపు చేను మీదికి వచ్చేదాకా అది మంచి గుణమే అనుకున్నాను.

ఆ ఏడు భాద్రపదంలో ముసురు పట్టి వదల్లేదు. ఆర్మూరు పొలిమేరలో ఉన్న మా చేనులో ఒక మూల మొక్కలు పండుబారి ఒరిగిపోయాయి. పట్టుకుంటే చాలు, కాడ చేతిలోకి ఊడివచ్చేది. కింద దుంప మెత్తబడి కంపు కొట్టేది. వారం తిరిగేసరికి సగం చేను అట్లాగే అయింది. పసుపంటే తొమ్మిది, పది నెలలు సాకవలసిన పంట. మాకు ఆ ఏడు వేరే ఆధారం లేదు. మిగిలిన సగమైనా దక్కకపోతే తిండికే కాదు, మళ్ళీ వేసుకోవడానికి విత్తనానికి కూడా దిక్కు లేదు. పంటల సలహాలు చెప్పడానికి ఊళ్ళోకి వచ్చే గ్రామసేవకుడు చూసి, హైదరాబాదులో వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన కేంద్రం ఉందనీ, జబ్బు మొక్కల్ని వేళ్ళూ మట్టితో సహా అక్కడికి తీసుకుపొమ్మనీ చెప్పాడు. మా తాత అట్లాగే తవ్వి తెచ్చి, సంచిలో వేసి గోడకు ఆనించి, బస్సు వేళ కనుక్కోవడానికి బజారుకు పోయాడు.

బాపమ్మ సంచి మూతి విప్పి ముక్కు మూసుకుంది. "పట్నం సార్ల ముంగట గీ కుళ్ళు కుప్పవోస్తడా మీ తాత? మన ఇజ్జత్ ఏంగావాలె?" అంటూ అంతా తీసుకుపోయి పెంట మీద పారబోసింది. బాగున్న మూల నుంచి బలమైన దుంపలు తవ్వించింది. వాటిని నేను కొబ్బరిపీచుతో ఒక్కొక్కటీ తోమాను. తడి తుడిచి ఉతికిన సంచిలో పేర్చాం. తాతకు చెప్పాలని మాకిద్దరికీ తోచనే లేదు. ఘనకార్యం చేశామనే అనుకున్నాను.

తాతకు చదువు రాదు కాబట్టి బోర్డులు చదవడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. గౌలిగూడలో బస్సు దిగిన దగ్గర్నుంచీ ఆయనతో నాకు ప్రాణం విసిగిపోయింది. రాజులేలిన పట్నమని చెప్పి ముందు చార్మినార్ దాకా నడిపించాడు. దాని చుట్టూ తిప్పాడు. నవాబుల పాత బంగళాలు, ఆ దేవిడీల పెద్ద దర్వాజాలు కనబడ్డ చోటల్లా చెప్పులు విడిచి చేత పట్టుకుని నడిచాడు. రాజ్యం పోయి ఎన్నో ఏళ్ళయిందని నేనెంత చెప్పినా వినడే! సంచి బరువుకు నా భుజం పీకుతోంది. చేను అక్కడ కుళ్ళిపోతుంటే మనిషి ఇక్కడ గుమ్మాలకు దండాలు పెడుతున్నాడు.

ఊరి చివర ఉన్న ఆ కేంద్రానికి సిటీ బస్సులో చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడా గేటు బయటే చెప్పులు విడిచాడు. మొదటి గదిలో అర్జీ రాసి తెమ్మన్నారు, నేను రాశాను. రెండో గదిలో ఇది మా విభాగం కాదన్నారు. మూడో గదిలో మనిషి అన్నానికి పోయాడు. చివరికి కళ్ళద్దాల సారు ఒకాయన మమ్మల్ని పిలిచి సంచి విప్పించాడు. ఒక దుంప తీసి విరిచాడు, వాసన చూశాడు. ఇంకొకటి విరిచాడు. తర్వాత విసుగ్గా మా వైపు చూసి, వీటికి ఏ జబ్బూ లేదన్నాడు.

తాతకు కోపం ముంచుకొచ్చింది. "సగం చేను పండుబారి పడిపాయె. రోగం లేదంటవేంది సారూ? మేం గంత దూరం నుంచి ఉత్తగ వచ్చినమా?" అని గొంతు పెంచాడు. సారూ పెంచాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే నేను మధ్యలోకి పోయి తాత చెయ్యి పట్టుకున్నాను.

"తాతా, కుళ్ళినయి బాపమ్మ పారబోసింది. గివి మంచియి. నేనే తోమిన" అన్నాను ఏడుస్తూ.

తాత నెత్తి కొట్టుకున్నాడు. "మీ కడుగుడు మన్నువడ!" అని అక్కడే నేల మీద కూలబడ్డాడు.

సారు తిట్టలేదు. లేచి మమ్మల్ని పక్క గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ బీరువాల నిండా గాజు సీసాలు. పురుగు తిన్న జొన్న కంకి, మచ్చలు పడ్డ ఆకు, కుళ్ళిన అల్లం, ఒక్కొక్క దాని మీద ఊరి పేరు రాసిన చీటీ. ఒక్కటంటే ఒక్క మంచి కాయ లేదు. "చూడమ్మా, మంచిది చూపించడానికి మీకు బజారుంది. ఇది చెడ్డది చూపించుకునే చోటు" అన్నాడు. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పారబోసినవి ఎట్లా ఉన్నాయో చెప్పమన్నాడు. రంగు, వాసన, మెత్తదనం, నీళ్ళు నిలిచే చోటు, నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి నా నోటి నుంచి మా చేను చెడ్డ సంగతులన్నీ శ్రద్ధగా విన్నాడు.

కాలువలు తీసి నీళ్ళు పోనివ్వమనీ, జబ్బు మొక్కలు పీకి కాల్చమనీ, మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు మిగతా మొదళ్ళలో పోయమనీ చెప్పాడు. అయినా కుళ్ళింది కంటితో చూడందే ఖాయంగా చెప్పలేనన్నాడు. తాత మళ్ళీ పోయి చూపించి వచ్చాడు. ఈసారి సంచి దగ్గరికి బాపమ్మను రానివ్వలేదు. సారు మొదట చెప్పిన మందే ఖాయమైంది. చేనులో మూడో వంతు దక్కింది. తాత రెండోసారి పోయి వచ్చి మందు పోసేలోగా ఇంకో నాలుగు వరుసలు పోయాయి. ఆ నాలుగు వరుసల పాపం నాదీ బాపమ్మదీ.

ఇప్పుడు నాకు బాపమ్మ అప్పటి వయసు దాటింది. పిల్లలు దవాఖానకు తీసుకుపోతామంటే ఉతికిన చీర కట్టుకుంటాను, తల దువ్వుకుంటాను. ఎట్లా ఉన్నారని డాక్టరమ్మ అడగగానే మంచిగనే ఉన్నానన్న మాట నాలుక చివరిదాకా వచ్చేస్తుంది. నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ మాట మింగేసి, నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను.