పైడి ఎడమ పాస్

నేను ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు ఒక అమ్మాయి కృతజ్ఞత. చెబితే నవ్వొస్తుంది. ఎవరైనా మనకి దండం పెడితే అందులో బరువేముంది అంటారు. కానీ ఆ అమ్మాయి నాకు దండం పెడుతూనే ఉంది, నేను దాన్ని తీసుకుంటూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

నేను ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఆడపిల్లలకి రగ్బీ నేర్పుతాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడి స్టీల్ ప్లాంటులో పనికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పరిగెత్తాను. ఒకప్పుడు హర్డిల్స్‌లో నాకు కాస్త పేరుండేది. పెద్ద క్యాంపుకి ఎవరైనా పిలుస్తారని ఎదురుచూశాను. ఎవరూ పిలవలేదు. స్కూల్లో పీటీ టీచరునయ్యాను, పిల్లల మీద అరవడం నేర్చుకున్నాను, ఆ తర్వాత ఎక్కడో ట్రైనింగుకి పంపితే అక్కడ ఈ ఆట పట్టుకుంది. నా హర్డిల్స్ సంగతి మీ జాలి కోసం చెప్పడం లేదు. నేను చేసినదానికి సాకుగా దాన్ని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మీరు మాత్రం నమ్మకండి.

రగ్బీ తెలియనివాళ్లకి ఒక్క విషయం చెబితే చాలు. బంతి పట్టుకుని ముందుకు పరిగెత్తొచ్చు గాని, చేత్తో ముందుకు ఇవ్వకూడదు. వెనక ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఎదురుగా అవతలి జట్టు మీదికి వచ్చేస్తుంటే, సరిగ్గా చూసే వ్యవధి కూడా లేని మనిషికి బంతి వదిలెయ్యాలి. వెనక మనవాళ్లు ఉన్నారన్న నమ్మకం లేకపోతే ఈ ఆట ఆడలేం.

మా పిల్లల్లో మొదట ఆ నమ్మకం బొత్తిగా లేదు. క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీ నుంచి వచ్చే తెలుగు పిల్లలు తెలుగు పిల్లలకే బంతి ఇచ్చుకునేవారు. చుట్టుపక్కల ఊళ్ల ఛత్తీస్‌గఢీ పిల్లలు వాళ్లలో వాళ్లు. వైశాలి నగర్ నుంచి స్కూటీల మీద వచ్చే ఇద్దరు ముగ్గురైతే బంతి దొరికితే ఎవరికీ ఇచ్చేవారు కాదు, దాంతోనే ఇంటికి వెళ్లిపోతారేమో అనిపించేది. నేను అరిచాను, గ్రౌండు చుట్టూ పరుగులు పెట్టించాను, ఐకమత్యం మీద ఉపన్యాసాలు దంచాను. గోడకి చెప్పినట్టే అయింది. ఆ పని చివరికి చేసింది పైడి.

పూర్తి పేరు పైడితల్లి. క్యాంప్ 2లో ఇల్లు, తండ్రి కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. ఒక ఎండాకాలం పొద్దున ప్రాక్టీసు అయ్యాక కామిని అనే ఛత్తీస్‌గఢీ పిల్ల టిఫిన్ డబ్బా తెరిచింది. పైడి అడగనైనా అడగకుండా అందులో చెయ్యి పెట్టి ఒక ముద్ద తినేసి, "ఇది మా సద్దన్నమే కదేటి" అంది. వాళ్లు దాన్ని బోరే బాసి అంటారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే ఉల్లిపాయతో తినడమే. ఆ రోజు నుంచి డబ్బాలన్నీ మధ్యలోకి వచ్చాయి. కొన్నాళ్లకి, వెనకాల పరిగెడుతూ పైడి "ఉన్నా" అని కేక పెట్టడం మొదలుపెట్టింది. నేనున్నాను, బంతి వదిలెయ్యి, అని అర్థం. కామిని పట్టుకుంది ఆ మాట. తర్వాత అందరూ పట్టుకున్నారు. తెలుగు ముక్క రాని పిల్లలు కూడా గ్రౌండులో ఉన్నా ఉన్నా అని అరుస్తుంటే గేటు దగ్గర టీ తాగేవాళ్లు ఆగి చూసేవారు.

జట్టు అయ్యామని నాకు అప్పుడు అర్థమైంది. అది నా వల్ల కాదని కూడా అర్థమైంది. ఆ రెండోది నాకు నచ్చిందా? నచ్చిందనే చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఈ ఆటలో జీతాలిచ్చే జట్లు వచ్చాయి. అలాంటి ఒక జట్టు తరఫున, చిన్న వయసు పిల్లల్ని ఏరి తీసుకెళ్లి తయారు చేసుకోవడానికి, ఒక మేడమ్ మా గ్రౌండుకి వచ్చారు. ఒకప్పుడు బాగా ఆడిన మనిషి. తక్కువ మాట్లాడేవారు, కళ్లు మాత్రం ఊరుకునేవి కావు. ఆ రోజు ఆట మొదలైన కాసేపటికే ఆ కళ్లు పైడి వెంట తిరగడం చూశాను. బంతి ఎక్కడుందో చూడడం మానేసి పైడి ఎక్కడుందో చూస్తున్నారు.

నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. ముందు భయం వేసింది. రాష్ట్ర పోటీలు దగ్గరలో ఉన్నాయి, ఈ పిల్ల వెళ్లిపోతే మిగతావాళ్లు మళ్లీ ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుంటారు, నేను మళ్లీ గోడతో మాట్లాడుకోవాలి అనుకున్నాను. భయం కింద ఇంకొకటి ఉంది. దాని పేరు అసూయ. నన్ను ఎవరూ అలా చూడలేదు. ఇంత వయసొచ్చి, నా చేతుల మీద పెరిగిన పిల్ల మీద అసూయ పడ్డాను. ఈ మాట రాయడానికి ఇంతసేపు ఎందుకు పట్టిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మేడమ్ నన్ను పక్కకి పిలిచి, దెబ్బల సంగతి ఏమైనా ఉంటే చెప్పమన్నారు. అది అందరినీ అడిగే మాటే. కోచ్ చెప్పింది నమ్ముతారు, ఇంకెవరిని అడుగుతారు? పైడికి అంతకుముందు ఒకే ఒక్కసారి, ప్రాక్టీసులో కామిని మోచెయ్యి నుదుటికి తగిలి బొప్పి కట్టింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు అన్నీ చూసి ఏమీ లేదన్నారు, చెప్పినన్నాళ్లు కూర్చోబెట్టి మళ్లీ ఆడించాను. అంతే జరిగింది.

నేను మేడమ్‌తో, తలకి దెబ్బలు తగిలాయని చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. ఒక్కోసారి మాట మర్చిపోతుందని, ఇంట్లోవాళ్లకి కూడా తెలియదని, గొంతు తగ్గించి మరీ చెప్పాను. నోరు జారిందని ఎన్నో ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. జారలేదు. మోకాలు అని ఉంటే ఎక్స్‌రే తీసి చూస్తారు, ఏమీ లేదని తేలిపోతుంది. తల అంటే ఎవరూ సాహసం చెయ్యరు, లేదని తేల్చడం కూడా అంత సులువు కాదు. ఆ సంగతి నాకు తెలిసే ఆ మాట ఏరుకున్నాను. పొద్దుటి నుంచి వెతుక్కుంటూనే ఉన్నాను బహుశా.

మేడమ్ ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. చాలామంది కోచ్‌లు ఇలాంటివి దాచిపెడతారట, మీలాంటివాళ్లు ఉండాలి అన్నారు. నిజాయితీకి మెచ్చుకోలు కూడా అందింది నాకు. వెళ్లేటప్పుడు పైడి బదులు కామినిని ఎంచుకుని వెళ్లారు. కామిని గాలిలా పరిగెత్తేది, ఎవరికీ అనుమానం రాలేదు.

కామినిని స్టేషన్‌లో రైలెక్కించి వచ్చిన మర్నాడు పైడి నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే బహుశా చెప్పేసేదాన్ని. లేదు, చెప్పేదాన్ని కాదు. బూట్లు చేత్తో పట్టుకుని నిలబడింది.

"దీదీ, నాలో ఏటి తక్కువైందో సెప్పీయండి."

"తక్కువేం కాదు. ఏదో వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి."

"అలగనకండి. మీకు తెలీకుండా ఉండదు. దాచకండి దీదీ, నాను బాధపడను. సరి సేసుకుంటాను."

నేను తలెత్తలేదు. ఏదో ఒకటి చెప్పాలి. అప్పుడు నోటికి వచ్చింది ఇది.

"ఎడమ వైపు పాస్. చెయ్యి కొంచెం లేటవుతోంది నీకు."

"అంతేనా?"

"అంతే."

పైడి ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది. ఏదో పెద్ద రోగం అనుకున్న మనిషికి జలుబే అని డాక్టరు చెప్పినట్టు. "హమ్మయ్య, అది నా సేతిలో పనే" అని వెళ్లిపోయింది.

ఎడమ పాస్‌లో తనకి ఏ లోపమూ లేదు. మా అందరిలోకీ చక్కగా వేసేది తనే. కానీ ఆ మర్నాటి నుంచి, లేని లోపాన్ని దిద్దుకోవడం మొదలుపెట్టింది. పొద్దున అందరికంటే ముందు వచ్చి గ్రౌండు గోడకి ఎదురుగా నిలబడి ఎడమ వైపుకి విసరడం, పట్టుకోవడం, మళ్లీ విసరడం. నేను స్కూలుకి వెళుతూ గోడ అవతల నుంచి ఆ చప్పుడు వినేదాన్ని. మణికట్టు వాచినా మానలేదు. పట్టీ నేనే కట్టాను. ఎలా కట్టానో, ఆ చేతులు నావేనా అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఏడాది రాష్ట్ర పోటీల్లో గెలిచాం. చివరి నిమిషంలో ఎవరూ ఊహించని ఎడమ పాస్ ఒకటి పైడి చేతిలోంచి వెళ్లింది, వెనకాల "ఉన్నా" అని కేకేసిన పిల్ల దాన్ని అందుకుని గీత దాటేసింది. అందరూ మైదానంలోకి ఉరికారు. పైడి మాత్రం పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్లకి దండం పెట్టింది. మీరు సెప్పకపోతే ఆ పాస్ నాకు వచ్చేది కాదు అంది. ఆ ట్రోఫీ స్మృతి నగర్‌లో మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. చుట్టాలొస్తే దాని కథ చెప్పమంటారు.

తర్వాత చెప్పుకోవచ్చు, సరిదిద్దొచ్చు అనుకున్నాను. వచ్చే ఏడు ఇంకో జట్టు వస్తుంది, అప్పుడు ఆ పిల్లకి నేనే దారి చూపిస్తాను అని మొక్కుకున్నంత పని చేశాను. వచ్చారు. వచ్చినవాళ్లు మొదటి మాటే, తల దెబ్బల పిల్ల ఈమేనా అని అడిగారు. ఆ మాట నాకంటే ముందే ఊళ్లు తిరిగేసింది. ఏమీ లేదండీ, బాగానే ఉంది అన్నాను. వాళ్లలో పెద్దాయన జాలిగా నవ్వారు. కోచ్‌లందరూ అలాగే అంటారు కదా మరి. మొదటిసారి అబద్ధం చెబితే నిజాయితీపరురాలినయ్యాను, రెండోసారి నిజం చెబితే అబద్ధాలకోరునయ్యాను.

అక్కడి నుంచి ఎటు కదిలినా గోడే. ఆ రోజు అబద్ధం చెప్పాను అంటే, నేను మెచ్చి పంపిన మిగతా పిల్లల మాటేమిటి? వాళ్లనీ అనుమానిస్తారు. కామిని సంగతి? తను కూర్చున్న చోటు ఇంకొకరిదని తెలిస్తే ఆ పిల్ల ఎలా తట్టుకుంటుంది? ఇలా అందరి గురించీ ఆలోచించాను చూశారా, ఎంత మంచిదాన్నో. నిజానికి నా గురించే ఆలోచించాను. గ్రౌండులోకి వెళ్లడానికి నాకు ముఖం చెల్లదని, ఇంకెవరూ నన్ను దీదీ అనరని భయపడ్డాను. భయపడుతుండగానే ఏళ్లు గడిచాయి, పైడి వయసు దాటిపోయింది.

ఇప్పుడు పైడి ఒక షోరూములో పని చేస్తూ, సాయంత్రాలు నాతోపాటు పిల్లలకి ఆట నేర్పుతోంది. ఎక్కడికి పొమ్మన్నా పోదు. వాళ్లమ్మ పండక్కీ పబ్బానికీ నాకు చీర పెడుతుంది. కామిని ఊరొస్తే ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చి, ఆ ట్రోఫీ ముందు ఫోటో దిగుతారు. నన్ను మధ్యలో నిలబెడతారు.

మొన్న పైడి కొత్త పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎడమ పాస్ నేర్పుతోంది. ఎప్పుడూ చెప్పే కథే, హిందీలో చెబుతోంది. "నన్ను ఎందుకు తీసుకోలేదో తెలుసా, ఈ పాస్ సరిగా లేక. దీదీ మొహమాటపడకుండా చెప్పారు కాబట్టి నేర్చుకున్నాను. మీరూ మీ తప్పులు అడిగి చెప్పించుకోండి." పిల్లలు నా వైపు భక్తిగా చూశారు. పైడి నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చింది.

"సెప్పండి దీదీ. అప్పట్లో నా పాస్ ఎంత అద్వానంగా ఉండీదో."

నాకు ఏమైందో తెలియదు. ఒళ్లంతా అలిసిపోయినట్టయింది.

"నీ పాస్‌లో ఎప్పుడూ ఏ తప్పూ లేదు పైడీ. ఆ రోజు కూడా లేదు."

పైడి ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత పెద్దగా నవ్వేసింది.

"దేఖా? మా దీదీకి నానంటే ఎంత ఇదో."

పిల్లలూ నవ్వారు. పైడి ఈల వేసింది, బంతి లేచింది, గ్రౌండంతా ఉన్నా ఉన్నా అని కేకలు మొదలయ్యాయి. నేను కూడా నవ్వాను. నోరు తెరిచి నిజం చెప్పినా అది ప్రేమ కింద చెల్లిపోయింది. ఇంకో మాట అని ఉండాల్సింది. అనలేదు.

అందుకే నవ్వి ఊరుకోవడానికి వీల్లేకుండా ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని కాదు. క్షమించాల్సిన మనిషికి సంగతే తెలియదు. రాస్తుంటే మాత్రం చాలా కాలానికి ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది. పైడి తలకి ఏమీ కాలేదు. పైడి పాస్‌లో ఏ లోపమూ లేదు. ఆ రోజు మేడమ్‌తో నేను అబద్ధం చెప్పాను. వెనక నేనున్నాననుకుని పైడి బంతి వదిలింది. నేను అక్కడ లేను.